దిల్వారాకి బెల్టు వద్దు

బెజవాడ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో అహ్మదాబాద్ వెళ్లి, అక్కడ రైలు మారి ఆబూరోడ్‌లో దిగాం. దిల్వారా జైన గుళ్లున్న మౌంట్ ఆబూ కొండ మీదకి ఇంకో 28 కిలోమీటర్లు.

పొద్దున్నే పరిగెత్తకండి. జైనులు కానివాళ్లని మధ్యాహ్నం 12 తర్వాతే లోపలికి పంపిస్తారు. తోలు వస్తువేదీ ఉండకూడదు. మావారు బెల్టు బయట వదిలేసి, గుడంతా ఒక చేత్తో ప్యాంటు పట్టుకునే తిరిగారు! ఫోన్లూ బయటే.

బయటి గోడలు చూసి అత్తయ్య "దీనికా ఇంత దూరం?" అన్నారు. లోపల అడుగుపెట్టాక ఆవిడ నోట మాటలేదు.

ఉన్నవి ఐదు గుళ్లు. ఎక్కువసేపు రెండింట్లో గడపండి. విమల వసహి గుడిని 1031లో సోలంకి రాజు మొదటి భీముడి మంత్రి విమల్ షా కట్టించాడు. రంగమండపం నడిమధ్య నిలబడి తలెత్తితే కప్పు చుట్టూ 16 మంది విద్యాదేవతలు. మెడ నొప్పి ఖాయం.

వస్తుపాల, తేజపాల అన్నదమ్ములు 1230లో కట్టించిన లూణ వసహి నాకు ఇంకా నచ్చింది. కప్పు నుంచి పాలరాతి పద్మం వేలాడుతుంటుంది. రేకుల అంచులు అప్పడమంత పల్చన. రాలిన రాతిపొడిని తూచి శిల్పులకి కూలి ఇచ్చేవారట. ఆ పద్మం చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

అక్కడే గర్భగుడి ముందున్న మండపం ద్వారానికి అటూ ఇటూ తోటికోడళ్ల పేరుతో రెండు గూళ్లుంటాయి, వదలొద్దు. ఏది బావుందో నేనూ మా తోటికోడలూ ఇంకా తేల్చుకోలేదు.