కేన్సర్‌పై యాంటీసెన్స్ మందును రూపొందించే పద్ధతి: లక్ష్యం ఎంపిక నుంచి తొలి ట్రయల్ దాకా

జన్యువులోని సమాచారం ప్రోటీన్‌గా మారే దారిలో ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది. ఆ నకలులోని ఒక చిన్న భాగంతో సరిగ్గా జతపడేలా 16 నుంచి 20 అక్షరాల (న్యూక్లియోటైడ్ల) ముక్కను రసాయనికంగా తయారుచేసి కణంలోకి పంపితే, ఆ జతను గుర్తుపట్టిన ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్1 అనే ఎంజైము ఎంఆర్‌ఎన్‌ఏను అక్కడే కోసేస్తుంది. ప్రోటీన్ తయారీ తగ్గుతుంది. ఇదే యాంటీసెన్స్ ఆలిగోన్యూక్లియోటైడ్, ప్రయోగశాల వాడుకలో ఆలిగో. ఈ పద్ధతికి పునాది పడింది కణితుల అధ్యయనంలోనే. 1978లో పాల్ జమెక్నిక్, మేరీ స్టీఫెన్సన్ 13 అక్షరాల ముక్కతో, కోళ్లలో కణితులు పుట్టించే రౌస్ సార్కోమా వైరస్ వృద్ధిని కణాల్లో అడ్డుకోగలిగారు. అయినా ఆ తర్వాత ఈ మందులు వెన్నెముక కండర క్షీణత వంటి జన్యువ్యాధుల్లో గెలిచాయి గానీ కేన్సర్‌లో పదేపదే ఓడిపోయాయి. ఆలిగో కణితి కణంలోకి చేరి లక్ష్యాన్ని నిజంగా తగ్గించిందా అన్నది రోగుల్లో తేలకుండానే పెద్ద ట్రయల్స్‌కు వెళ్లడం ఆ ఓటములకు ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. అందువల్ల ఈ పనికి పూనుకునే పరిశోధకులు ప్రతి మెట్టులోనూ ఆ ప్రశ్నకు జవాబు చూసుకుంటూ నడవాలి.

మొదట లక్ష్యం. కణితిలో ఒక జన్యువు ఎక్కువగా పనిచేస్తోందన్నంత మాత్రాన అది లక్ష్యం కాదు. దాన్ని తగ్గిస్తే కణితి కణం బతకలేదని జన్యువును కత్తిరించే క్రిస్పర్ వంటి స్వతంత్ర పద్ధతితో ముందే తేలి ఉండాలి. మాత్రలకు, యాంటీబాడీలకు చిక్కే ప్రోటీన్లపై ఆలిగోతో పోటీకి దిగడంలో అర్థం తక్కువ. స్టాట్3 వంటి ట్రాన్స్‌క్రిప్షన్ కారకాలకు (ఇతర జన్యువుల పనిని నియంత్రించే ప్రోటీన్లకు) చిన్న అణువులు అతుక్కునేందుకు అనువైన గుంతలు ఉండవు. మాలాట్1 వంటి పొడవాటి ఆర్‌ఎన్‌ఏలు అసలు ప్రోటీన్‌గానే మారవు. ఆలిగోకు అసలైన చోటు అక్కడ ఉంది. ప్రోటీన్ ఎంతకాలం నిలుస్తుందో కూడా ముందే చూసుకోవాలి: ఎంఆర్‌ఎన్‌ఏ ఒక్క రోజులో తగ్గినా, పాత ప్రోటీన్ రోజుల తరబడి మిగిలి ఉంటే, త్వరగా ముగించిన ప్రయోగం ఫలితం లేదని తప్పుగా చెబుతుంది.

వరుసల ఎంపికకు తుది ఎంఆర్‌ఎన్‌ఏతో సరిపెట్టుకోకూడదు. ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్1 కేంద్రకంలో కూడా పనిచేస్తుంది కాబట్టి తర్వాత కత్తిరించి తీసేసే భాగాలైన ఇంట్రాన్లతో కలిసిన తొలి నకలు మొత్తాన్నీ వెతకవచ్చు. ఆర్‌ఎన్‌ఏ మడతల్లో ఏ భాగం అందుబాటులో ఉందో కంప్యూటర్ అంచనాలు పూర్తిగా చెప్పలేవు. వందల వరుసలను నిజంగా తయారు చేయించి కణాల్లో పరీక్షించడమే నమ్మదగిన దారి. నాలుగు జీ (గ్వానిన్) అక్షరాలు వరసగా వచ్చేవాటిని, తనలో తానే జతపడేవాటిని పక్కన పెట్టాలి. సీ (సైటోసిన్) తర్వాత జీ వచ్చే జంటలను సాధ్యమైనంత వదిలేయాలి, ఎందుకంటే అవి టీఎల్‌ఆర్9 అనే గ్రాహకం ద్వారా రోగనిరోధక వ్యవస్థను రేపుతాయి. తప్పనిసరైతే ఆ సీకి మిథైల్ గుంపు చేర్చిన రూపం వాడాలి. 16 అక్షరాలతో సుమారు 429 కోట్ల వరుసలు సాధ్యం, మనిషి జన్యురాశి సుమారు 310 కోట్ల అక్షరాలు. కాబట్టి పూర్తిగా సరిపోయే చోట్లు అనుకోకుండా దొరికినా అవి ఒకటి రెండుకు మించకపోవచ్చు. కానీ ఒక్క అక్షరం తేడాతో ఉన్న వరుసలు 48 ఉంటాయి, వాటికి సరిపోయే చోట్లు జన్యురాశిలో పదుల సంఖ్యలో ఉండవచ్చు. ఆ జాబితాను తీసి, అందులో కాలేయానికి, గుండెకు ముఖ్యమైన జన్యువులు ఉన్నాయేమో ఒక్కొక్కటిగా చూడటం విసుగు పుట్టించే పనే అయినా వదలరానిది.

రసాయన నిర్మాణంలో నేడు ప్రామాణికమైనది గ్యాప్‌మర్. మధ్యలో 10 మామూలు డీఎన్‌ఏ అక్షరాలు, ఇరువైపులా 5 చొప్పున ఎంఓఈ అనే మార్పు చేసిన అక్షరాలు పెడతారు. ఎంజైము కోయడానికి మధ్య భాగం, గట్టిగా అతుక్కుని న్యూక్లియేజులను (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను ముక్కలు చేసే ఎంజైములను) తట్టుకోవడానికి రెండు చివరలు. ఇంకా బలంగా జతపడే కన్‌స్ట్రెయిన్డ్ ఈథైల్ అక్షరాలతో ఇరువైపులా 3 చాలు, మొత్తం పొడవు 16కు తగ్గుతుంది. అక్షరాలను వరుసగా కలిపే గొలుసులో ఒక ఆక్సిజన్ స్థానంలో గంధకం పెట్టే ఫాస్ఫోరోథయోయేట్ మార్పు వల్ల ఆలిగో రక్తంలోని ప్రోటీన్లకు అంటుకుని, మూత్రంలో వెంటనే పోకుండా కణజాలాలకు చేరుతుంది. కోయడం కాకుండా స్ప్లైసింగ్‌ను (తొలి నకలులో ముక్కలు తీసి అతికే పనిని) మార్చడమే ఉద్దేశమైతే మధ్యలో డీఎన్‌ఏ ఉండకూడదు. అన్ని అక్షరాలూ మార్పు చేసినవే కావాలి.

కణాల్లో పరీక్షించే దశలోనే ఎక్కువ మంది మోసపోతారు కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. కొవ్వు కణికలతో కలిపి లోపలికి నెడితే దాదాపు ఏ ఆలిగో అయినా బాగా పనిచేసినట్టు కనిపిస్తుంది. రోగి శరీరంలో ఆ సాయం ఉండదు. కాబట్టి ఏ వాహకమూ లేకుండా, కణాలు తమంతట తాము తీసుకునే పరిస్థితిలో, అనేక మోతాదులతో, కొన్ని రోజుల పాటు చూడాలి. ఒకే లక్ష్యంపై వేర్వేరు చోట్ల అతుక్కునే కనీసం రెండు ఆలిగోలు ఒకే ఫలితం ఇవ్వాలి. అదే రసాయన నిర్మాణంతో, కొన్ని అక్షరాలు మాత్రం మార్చిన నియంత్రణ ఆలిగో ఏ ఫలితమూ ఇవ్వకూడదు. ఎంఆర్‌ఎన్‌ఏను క్యూపీసీఆర్‌తో, ప్రోటీన్‌ను వెస్టర్న్ బ్లాట్‌తో కొలిచి, తగ్గుదల మోతాదుతో పాటు పెరుగుతోందా, కణాల మరణం ఆ తగ్గుదల వెంటే వస్తోందా అని చూడాలి. చివరగా, ఆలిగో అతుక్కునే చోటు లేని రూపంలో అదే జన్యువును కణంలో పెట్టి, అప్పుడు కణం బతికితే మాత్రమే ఆ మరణానికి కారణం లక్ష్యం తగ్గడమే అని నమ్మవచ్చు. లక్ష్యం లేని కణాలు కూడా అదే మోతాదుకు చనిపోతుంటే, ఆ ఆలిగో ఎంత ఆశ పుట్టించినా దాన్ని వదిలేయాలి.

ఈ జాగ్రత్త ఎందుకో ఆబ్లిమెర్సెన్ అనే ఆలిగో మందు చరిత్ర చెబుతుంది. కణం చావును అడ్డుకునే బీసీఎల్2 ప్రోటీన్ ఎంఆర్‌ఎన్‌ఏలోని తొలి ఆరు కోడాన్లకు (మూడేసి అక్షరాల గుంపులకు) జతపడే ఈ 18 అక్షరాల ఫాస్ఫోరోథయోయేట్ ముక్కలో చివరల రక్షణ లేదు, పైగా రెండు సీ-జీ జంటలున్నాయి. రక్తంలో త్వరగా పోతుంది కాబట్టి రోజుల తరబడి సిరలోకి నిరంతరంగా ఎక్కించాల్సి వచ్చింది. మెలనోమా అనే చర్మ కేన్సర్‌లో 771 మందితో జరిగిన మూడో దశ ట్రయల్‌లో, కీమోథెరపీ మందు డకార్బజీన్‌కు దీన్ని జోడించినప్పుడు మధ్యస్థ జీవితకాలం 9 నెలలు, డకార్బజీన్ ఒక్కటే ఇచ్చినప్పుడు 7.8 నెలలు, ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు. 2004లో అమెరికా సలహా సంఘం దాన్ని ఆమోదానికి సిఫారసు చేయలేదు. కనిపించిన కొద్దిపాటి ప్రయోజనం బీసీఎల్2 తగ్గడం వల్లనా, సీ-జీ జంటలు రోగనిరోధక వ్యవస్థను రేపడం వల్లనా అనే సందేహం తీరకుండానే మిగిలింది. అన్ని వందల మంది రోగులు పాల్గొన్న తర్వాత కూడా మూల ప్రశ్నకు జవాబు లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఎలుకల్లో పరీక్షించేటప్పుడు మనిషి కణితిని పెంచుతాం, కానీ చుట్టూ ఉండే కణజాలం ఎలుకదే. మనిషి వరుసకు మాత్రమే జతపడే ఆలిగో ఎలుక అవయవాల్లో ఆ జన్యువును తాకదు, కాబట్టి లక్ష్యం తగ్గడం వల్ల వచ్చే విషప్రభావం అక్కడ కనిపించదు. దాన్ని తెలుసుకోవడానికి ఎలుక జన్యువుకు సరిపోయే మరో ఆలిగోను విడిగా తయారు చేయించాలి. కణితి ముక్కలో మనిషి ఎంఆర్‌ఎన్‌ఏను, ఎలుక ఎంఆర్‌ఎన్‌ఏను వేరుచేసే ప్రైమర్లతో (క్యూపీసీఆర్‌లో వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) కొలవాలి. శరీరంలోకి వెళ్లిన ఆలిగోలో ఎక్కువ భాగం కాలేయం, మూత్రపిండాల్లోనే చేరుతుంది; కణితికి చేరిన కొద్దిపాటిలో కూడా చాలా భాగం ఎండోసోమ్ అనే తిత్తుల్లో చిక్కుకుని ఉండిపోతుంది. కాబట్టి కణితిలో మందు ఎంత ఉందన్న లెక్క ఒక్కటే చాలదు, ఎంఆర్‌ఎన్‌ఏ ఎంత తగ్గిందో చూపాలి. కేరాస్ అనే కేన్సర్ జన్యువుపై తయారైన ఏజెడ్‌డీ4785 అనే ఆలిగో ఎలుకల్లో మంచి ఫలితాలు చూపినా, రోగుల్లో లక్ష్యం తగినంత తగ్గకపోవడంతో తొలి దశలోనే ఆగింది. ఆ కొలత తొలి దశలోనే పెట్టుకోవడం వల్ల వందల మంది రోగుల కాలం వృథా కాలేదు. అది సరైన పద్ధతి.

తయారీ ఘనాధారంపై ఫాస్ఫోరామిడైట్ పద్ధతిలో, ఒక్కో అక్షరం చేర్చుతూ సాగుతుంది. ప్రతి జోడింపు 99 శాతం సఫలమైతే 20 అక్షరాల ఆలిగో చివరికి సుమారు 83 శాతం దక్కుతుంది. 98 శాతమైతే 68 శాతమే. ఒక అక్షరం తక్కువైన ముక్కలను శుద్ధిలో వేరుచేయడం అన్నింటికంటే కష్టమైన పని. ఈ అక్షరాలకు కావాల్సిన ముడిసరుకును తయారుచేసే సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయన్నది మన పరిశోధకులకు ఉపయోగపడే సంగతి.

విషప్రభావాల్లో ప్లేట్‌లెట్లు పడిపోవడం, కాలేయ ఎంజైములు పెరగడం, రక్తంలోని రక్షణ ప్రోటీన్లైన కాంప్లిమెంట్ వ్యవస్థ రేగడం ముఖ్యమైనవి. కీమోథెరపీతో ముందే ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్న రోగికి ఇవి మరింత ప్రమాదం. మనదేశంలో ట్రయల్‌కు 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల కింద కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ అనుమతి, నైతిక సంఘం ఆమోదం, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు తప్పనిసరి.

ఏ కేన్సర్‌తో మొదలుపెట్టాలన్న నిర్ణయంలో ఇమెటెల్‌స్టాట్ అనే మందు మంచి దారి చూపుతుంది. కొవ్వు ఆమ్లం తోక జోడించిన ఈ 13 అక్షరాల ఆలిగో ఎంఆర్‌ఎన్‌ఏను కోయదు, క్రోమోజోముల చివరలను పొడిగించే టెలోమెరేజ్ ఎంజైములోని ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని దాని పని ఆపుతుంది. కాబట్టి కచ్చితంగా చెప్పాలంటే ఇది యాంటీసెన్స్‌కు దగ్గరి బంధువు. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అనే ఎముక మజ్జ వ్యాధిలో రక్తమార్పిడిపై ఆధారపడిన, తక్కువ ప్రమాద వర్గపు రోగులకు 2024 జూన్‌లో అమెరికాలో ఆమోదం పొందింది. కనీసం 8 వారాలు రక్తం ఎక్కించుకోకుండా ఉండగలిగినవారు మందు తీసుకున్న వర్గంలో 39.8 శాతం, మందు లేని వర్గంలో 15 శాతం. ఎముక మజ్జ గట్టి కణితిలా కాదు, మందుకు అందుబాటులో ఉంటుంది. దాని నమూనాను మళ్లీ మళ్లీ తీసి కొలవడం కూడా సాధ్యమే. గట్టి కణితితోనే మొదలుపెట్టాల్సి వస్తే, చికిత్సకు ముందు ఒకటి, స్థిర మోతాదు చేరాక మరొకటి చొప్పున బయాప్సీలను ట్రయల్ ప్రణాళికలోనే రాసుకోవాలి. రెండో బయాప్సీలో లక్ష్యం ఎంత తగ్గితే ముందుకు వెళ్తామో ఆ శాతాన్ని తొలి రోగిని చేర్చుకోకముందే కాగితం మీద పెట్టాలి.