మొక్కల అక్వేరియం – నాలుగో పాఠం: నీళ్ళకు తోడు

గత పాఠం ముగిసేసరికి మీ రెండడుగుల ట్యాంకులో (24 × 12 × 15 అంగుళాలు) రెండంగుళాల మందాన కడిగిన ఇసుక ఉంది. వెనక వరసలో వాలిస్‌నేరియా, మధ్యలో క్రిప్టోకొరైన్లు నాటారు. అనూబియాస్, జావా ఫెర్న్ కర్రకు కట్టారు. స్పాంజి ఫిల్టరు బుడగలు వదులుతోంది. ఇసుక, కర్ర ఆక్రమించిన చోటు పోగా నీళ్ళు సుమారు 55 లీటర్లు. చేపలెప్పుడు తెస్తారని ఇంట్లో పిల్లలు రోజూ అడుగుతూ ఉంటారు. ఇంకో నెల ఆగమనండి. కొత్త ట్యాంకులో చేపలు వారం పది రోజుల్లో చచ్చిపోతే చాలామంది దుకాణం వాణ్ణి తిడతారు. చాలాసార్లు తప్పు చేపది కాదు, తోడు వేయని నీళ్ళది.

చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. తినకుండా మిగిలిన మేత, కుళ్ళిన ఆకు కూడా అదే పని చేస్తాయి. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తుంది. నైట్రైటును ఇంకో రకం నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు కొద్దిగా ఉంటే ఫరవాలేదు, మొక్కలకు తిండి కూడా. ఈ బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండదు. స్పాంజికి, ఇసుక రేణువులకు, ఆకులకు అంటుకుని పెరుగుతుంది. కొత్త ట్యాంకులో అది దాదాపు ఉండదు. దాన్ని పెంచడాన్నే సైక్లింగ్ అంటారు.

ముందు మీ నీళ్ళ సంగతి తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో జలమండలి నల్లాలో వచ్చేది కృష్ణా అయినా గోదావరి అయినా జనం నోట ‘మంజీరా నీళ్ళే’. బాత్రూముల్లో ఎక్కువగా బోరు నీళ్ళు. చాలా అపార్టుమెంట్లలో ఈ రెండూ, ఎండాకాలం ట్యాంకరు నీళ్ళూ ఒకే సంపులో కలుస్తాయి. ఈ వారం నీళ్ళకీ వచ్చే వారం నీళ్ళకీ పోలిక ఉండదు. కాబట్టి వంటింట్లో విడిగా మంజీరా నల్లా ఉంటే అదే వాడండి. లేకపోతే ఒక టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎన్నో చూపేది) కొని, నీళ్ళు మార్చిన ప్రతిసారీ రాసుకోండి. మీటరు వచ్చేదాకా వంటింటి పరీక్ష ఉండనే ఉంది: ఆ నీళ్ళలో కందిపప్పు ఒక పట్టాన ఉడకకపోయినా, సబ్బు నురగ రాకపోయినా అవి గట్టి నీళ్ళు.

300 లోపు టీడీఎస్ అయితే ఈ పాఠాల్లో చెప్పే చేపలన్నిటికీ సరిపోతుంది. 300 నుంచి 600 దాకా గప్పీలు, ప్లాటీలు, మోలీలు హాయిగా ఉంటాయి. 800 దాటితే ఆర్వో నీళ్ళు కలపండి. 900 ఉన్న బోరు నీళ్ళు, 50 ఉన్న ఆర్వో నీళ్ళు సగం సగం కలిపితే 475 వస్తుంది. వృథా పోతున్నాయి కదా అని ఆర్వో పక్క గొట్టంలోంచి వచ్చే నీళ్ళు మాత్రం పోయకండి, వడకట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది.

నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. సంపులో, పైట్యాంకులో నిలవ ఉన్నప్పుడు కొంత ఎగిరిపోతుంది గాని, వాసన రాలేదంటే లేదని కాదు. బకెట్లో మూత లేకుండా 24 గంటలు ఉంచడం ఒక పద్ధతి. లేదంటే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, ల్యాబ్ రసాయనాల దుకాణంలో దొరుకుతుంది. 10 గ్రాముల పలుకులు 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి, రంగు సీసాలో చీకట్లో దాచండి. పది లీటర్ల బకెట్‌కు ఒక మిల్లీలీటరు వేసి కలిపితే చాలు. స్పాంజిని ఎప్పుడూ నల్లా కింద కడగకూడదన్నది కూడా ఇందుకే. నెల రోజులు పెంచిన బ్యాక్టీరియాను క్లోరిన్ దెబ్బతీస్తుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్ళ మగ్గులో ముంచి పిండితే సరి.

ఇక బ్యాక్టీరియాకు మేత. చేపలు లేవు కాబట్టి అమ్మోనియా మనమే వేయాలి. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు వాడే నవాసారం, అంటే అమ్మోనియం క్లోరైడ్, సరిగ్గా పనికొస్తుంది. కళాయి వాళ్ళ దగ్గరి గడ్డలో మలినాలుంటాయి, హైపో కొన్న దుకాణంలోనే ల్యాబ్ రకం తెచ్చుకోండి. 10 గ్రాములు అర లీటరు నీళ్ళలో కరిగించండి. అందులో 17 మిల్లీలీటర్లు సూదిలేని సిరంజితో తీసి ట్యాంకులో వేస్తే, 55 లీటర్లకు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వస్తుంది. త్వరగా అవుతుందని రెట్టింపు వేయకండి, 5 దాటితే బ్యాక్టీరియాయే మందగిస్తుంది. ఇసుక కింద మట్టి వేసుకున్నవాళ్ళు ముందు పరీక్ష చేయండి, మట్టి నుంచే అమ్మోనియా వస్తూ ఉండవచ్చు.

అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు, పీహెచ్ చూపే చుక్కల మందు కిట్ ఒకటి కొనండి. పట్టీల కిట్ కంటే నమ్మకం. కిట్‌లోని పరీక్ష గొట్టాన్ని ముందు ట్యాంకు నీళ్ళతోనే కడిగి, గీత దాకా నీళ్ళు పట్టండి. సీసాను నిలువుగా తలకిందులు చేసి చుక్కలు లెక్కపెట్టండి. ఏటవాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారుతుంది. రంగును తెల్ల కాగితం మీద పెట్టి పగటి వెలుతురులో చూడండి. నైట్రేటు రెండో సీసాను అర నిమిషం గట్టిగా, బల్లకేసి కొడుతూ ఊపాలి. మందు అడుగున పేరుకుని ఉంటుంది. ఊపకపోతే 40 ఉన్న చోట కూడా సున్నా చూపిస్తుంది.

మొదటి వారం ఏమీ కదలదు, అమ్మోనియా రెండు దగ్గరే నిలుస్తుంది. రెండో వారంలో కొద్దిగా తగ్గి, నైట్రైటు కనబడుతుంది. అమ్మోనియా అర పీపీఎం కంటే దిగితే మళ్ళీ 17 మిల్లీలీటర్లు వేయండి. మూడో వారంలో నైట్రైటు గొట్టం ముదురు ఊదా రంగుకు తిరిగి రోజుల తరబడి అక్కడే ఉంటుంది. సహనం చచ్చేది ఇక్కడే. రెండో రకం బ్యాక్టీరియా మొదటిదాని కంటే ఆలస్యంగా అందుకుంటుంది, అంతే. ఈలోగా గాజు మీద గోధుమరంగు పొర, కర్ర మీద తెల్లటి బూజు వస్తాయి. రెండూ వాటంతటవే పోతాయి. లైటు రోజుకు ఆరు గంటలకు మించి వేయకండి. క్రిప్టోకొరైన్ ఆకులు కరిగితే తుంచేయండి, వేరు బతికే ఉంటుంది.

తోడు ఉంటే పాలు త్వరగా తోడుకున్నట్టే, తెలిసినవాళ్ళ ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు స్పాంజిని మీ ట్యాంకు నీళ్ళలో పిండితే నాలుగైదు వారాల పని ఒకటి రెండు వారాల్లో అవుతుంది. దుకాణం ట్యాంకుల నుంచి తెచ్చుకోకండి, అక్కడ వారం వారం కొత్త చేపలు, వాటితో కొత్త రోగాలు వస్తుంటాయి. చలికాలంలో పెరుగు ఆలస్యమైనట్టే ఇదీ ఆలస్యమవుతుంది. డిసెంబరు రాత్రుల్లో నీళ్ళు 20 డిగ్రీలకు దిగితే 50 వాట్ల హీటరు పెట్టి 27 దగ్గర ఉంచండి. మే నెలలో సమస్య తిరగబడుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి, 30 దగ్గర ఏడున్నరే. ఈ బ్యాక్టీరియాకు కూడా ఆక్సిజన్ కావాలి, గాలి పంపు ఆపకండి. కరెంటు పోయే కాలనీల్లో బ్యాటరీ పంపు ఒకటి దగ్గరుంచుకోండి.

అంతా బాగా నడుస్తూ ఒక్కసారిగా ఆగిపోతే పీహెచ్ చూడండి. అమ్మోనియా మారే కొద్దీ నీళ్ళలోని క్షారం ఖర్చవుతుంది. ఆర్వో ఎక్కువ కలిపిన ట్యాంకులో అది తొందరగా అయిపోయి, పీహెచ్ 6.5 కిందికి జారుతుంది. బ్యాక్టీరియా నిద్రపోతుంది. అర టీస్పూను తినే సోడా మగ్గు నీళ్ళలో కరిగించి పోస్తే 55 లీటర్లలో కేహెచ్ (ఆ క్షారాన్ని కొలిచే లెక్క) దాదాపు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. మర్నాడు మళ్ళీ చూసుకోండి. బోరు నీళ్ళ వాళ్ళకు ఈ బాధ అరుదు, వాళ్ళ చిక్కు వేరు. పీహెచ్ 7 దగ్గర అమ్మోనియాలో విషరూపం వందకు ఒక పాలు కూడా ఉండదు, 8 దగ్గర ఐదు పాళ్ళు దాటుతుంది. అదే 0.5 రీడింగు ఒక ఇంట్లో హెచ్చరిక, ఇంకో ఇంట్లో ప్రమాదం.

చివరి పరీక్ష ఇది. రాత్రి 17 మిల్లీలీటర్లు వేయండి. మర్నాడు రాత్రి అదే వేళకు అమ్మోనియా సున్నా, నైట్రైటు సున్నా ఉండాలి. మొక్కలు జోరుగా ఉన్న ట్యాంకులో నైట్రైటు అసలు కనబడకుండానే ఇది నెగ్గవచ్చు. అమ్మోనియాను ఆకులే తాగేస్తాయి, అదీ మంచిదే. రెండు రోజులు వరసగా నెగ్గితే ముప్పావు వంతు నీళ్ళు మార్చి, నైట్రేటు 20 లోపుకు దించండి. బ్యాక్టీరియా నీళ్ళతో పోదు. ఆ రోజు నుంచి చేపలు వచ్చేదాకా రోజూ 8 మిల్లీలీటర్లు వేస్తూ ఉండండి, లేకపోతే ఆకలితో తగ్గిపోతుంది. చేపలు వచ్చే ముందురోజు మాత్రం వేయకండి.

మొదటి విడతలో ఆరే చేపలు. మంజీరా నీళ్ళ వాళ్ళు చెర్రీ బార్బ్‌లు, బోరు నీళ్ళ వాళ్ళు గప్పీ మగవి తెచ్చుకోండి. ఆడవి కలిస్తే మూడు నెలల్లో ట్యాంకు నిండిపోతుంది. సంచిని లైటు ఆర్పిన ట్యాంకులో పావు గంట తేలనివ్వండి. విప్పి, ఐదేసి నిమిషాలకు ఒక గ్లాసు ట్యాంకు నీళ్ళు అరగంట పాటు పోయండి. చేపల్ని వలతో తీసి వదలండి, సంచి నీళ్ళు మొక్కల కుండీలో పోయండి. మేత మర్నాడు, అదీ ఒక్క నిమిషంలో తినేసేంత.

తర్వాత వారం రోజులు అమ్మోనియా, నైట్రైటు రోజూ చూడండి. ఏది 0.25 తాకినా ఆ రోజు మేత మానేసి, మూడో వంతు నీళ్ళు మార్చాలి. ఆ ఏడు రోజుల రీడింగులూ, టీడీఎస్, ఉదయం సాయంత్రం ఉష్ణోగ్రత ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. రెండో విడతలో ఏ చేపలు, ఎన్ని అన్నది ఐదో పాఠంలో ఆ కాగితాన్ని ముందు పెట్టుకునే లెక్క వేద్దాం.