ధనుష్కోటి చివరంచు దాకా వెళ్లడం ఎలా? నెల్లూరు, ఒంగోలు వాళ్ల కోసం

రామేశ్వరం వెళ్లొచ్చిన మనవాళ్లను ధనుష్కోటి చూశారా అని అడగండి, చూశామనే అంటారు. కాస్త కదిపితే అసలు సంగతి బయటపడుతుంది. మిట్టమధ్యాహ్నం ఆటోలో వెళ్లి, సింహాల స్తంభం ముందు ఫోటో దిగి, కళ్లల్లో ఇసుక పడిందని తిట్టుకుంటూ పావుగంటలో వెనక్కి వచ్చేశారు. అంత దూరం పోయింది ఇందుకా?

ముందు రైలు. మన వైపు నుంచి పోయే బండ్లు ఎక్కువగా చెన్నై సెంట్రల్‌కి చేరతాయి. రామేశ్వరం బండ్లు ఎగ్మోర్ నుంచో తాంబరం నుంచో బయల్దేరతాయి. మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచుకోండి. తిరుపతి నుంచి నేరుగా బండి ఉంది కానీ రోజూ ఉండదు. కారులో పోవచ్చు గానీ పాంబన్ దగ్గర సముద్రం మీదుగా రైల్లో పోకపోతే సగం ప్రయాణం పోగొట్టుకున్నట్టే. 1914 నాటి పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. పక్కనే కట్టిన కొత్తది 2025 ఏప్రిల్‌లో మొదలైంది. గాలి హద్దు మీరితే ఇప్పటికీ రైలును వంతెన మీదికి వదలరు. కాబట్టి బండి ఆగిందని టెన్షన్ పడకండి.

కాలం: జనవరి నుంచి మార్చి. అంతే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఇసుకను మొహానికేసి కొడుతుంది. నవంబరు, డిసెంబరు తుపాన్ల రోజులు. ఆ సంగతి మనకొకరు చెప్పాలా?

సామాన్లు: నీళ్లు, కళ్లద్దాలు, ఫోన్‌కి ఒక ప్లాస్టిక్ కవరు. గొడుగు వద్దు, తిరగబడుతుంది. చీర కట్టుకునేవాళ్లు పిన్నులు పెట్టుకోవాలి. పులిహోర పొట్లం ఆటోలో కూర్చునే విప్పండి, బయట విప్పితే ఇసుకతో కలిపి తినాల్సిందే.

రామేశ్వరం నుంచి చివర దాకా ఇరవై కిలోమీటర్లు. పొద్దున చెక్‌పోస్టు తెరిచేసరికి అక్కడ ఉండాలి. సాయంత్రం బండ్లు ఆపేస్తారు, రాత్రి ఉండనివ్వరు. ఆటో మాట్లాడేటప్పుడు రానూపోనూ, వెయిటింగ్‌తో సహా, అరిచల్‌మునై దాకా అని తేల్చుకోండి, భూమి ముగిసే కొస పేరు అది. ఊరికే ధనుష్కోటి అంటే కొందరు పాత ఊరి దగ్గర ఆపేసి, ముందుకు ఇంకో రేటు అంటారు. బస్సులూ ఉన్నాయి గానీ నేను ఎక్కమనను, బస్సు టైము చూసుకుంటూ సముద్రం చూడలేం. 2017లో తారు రోడ్డు పడేదాకా చివరి తొమ్మిదిన్నర కిలోమీటర్లు ఇసుకలో వ్యాన్లలో ఎగురుకుంటూ పోవాల్సి వచ్చేది. ఇప్పుడు చెప్పులో ఇసుక పడకుండా చివరికి చేరుకోవచ్చు. తిప్పలన్నీ చేరాకే.

అసలు జాగ్రత్త ఇక్కడ. మైపాడు, కొత్తపట్నం చూసినవాళ్లం, మనకు సముద్రం కొత్తా అనే ధీమా మనవాళ్లకు ఉంటుంది. మన తీరంలో అల ఒక వైపు నుంచే వస్తుంది, మనం దానికి ఎదురుగా నిలబడతాం. ఇక్కడ భూమి పాము తోకలా సన్నబడి ముగుస్తుంది. పోయేటప్పుడు ఎడమ చేతి వైపు బంగాళాఖాతం, కుడి చేతి వైపు మన్నార్ సింధుశాఖ. అక్కడివాళ్లు మొదటిదాన్ని ఆడ సముద్రం, రెండోదాన్ని మగ సముద్రం అంటారు. ఎడమ పక్క నీళ్లు చెరువులా కనిపించినా నమ్మొద్దు. కొస దగ్గర రెండు పక్కల అలలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఎదురుగా వచ్చే అలను చూస్తుంటే పక్కనుంచి వచ్చేది కాళ్ల కింద ఇసుకను తోడేస్తుంది. అంచు కూడా నిలకడగా ఉండదు, కాలాన్ని బట్టి కొస ఆకారమే మారిపోతుంది. పోయినసారి మోకాలి లోతేనండీ అనే మాట అక్కడ చెల్లదు.

పెద్దవాళ్లను తీసుకెళ్తే ఇంకో చిక్కు. సేతుస్నానం చేయకుండా ఎలా, సంకల్పం చెప్పుకున్నాం అంటారు. వాదించకండి. ఆ స్నానం రామేశ్వరం గుడి ముందున్న అగ్నితీర్థంలో ముందురోజే చేయించేయండి, అక్కడ నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. కొస దగ్గర పొడి ఇసుక మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి తల మీద చల్లండి. కాశీకి తీసుకెళ్లే ఇసుక కూడా పైనే తీసుకోవచ్చు, అంచుకు పోనక్కర్లేదు. స్నానం నిషేధమని బోర్డులున్నా దిగేవాళ్లు దిగుతూనే ఉంటారు. వాళ్లను చూసి దిగొద్దు.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. ఆ గాలి హోరులో పదడుగుల దూరం నుంచి పిలిచినా వినపడదు. అరుస్తున్న నోరు కనిపిస్తుంది, మాట రాదు. అందుకే చెయ్యి పట్టుకోవాలి, పిలుస్తాంలే అంటే కుదరదు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేయడం ఇంట్లో ముందే నిషేధించి రండి.

అటు నుంచి తిరిగొస్తూ పాత ఊళ్లో ఆగండి, పోయేటప్పుడు కాదు. ముందే ఆగితే కొసకు చేరేసరికి ఎండెక్కుతుంది. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో ఈ ఊరు పోయింది, వంద మందికి పైగా ఉన్న రైలు కూడా కొట్టుకుపోయింది. మిగిలిన చర్చి గోడ దగ్గరికి వెళ్లి చూడండి, పగడపు రాళ్లు చిల్లులు చిల్లులుగా కనిపిస్తాయి. గోడల మీదికి ఎక్కొద్దు, పేర్లు చెక్కొద్దు. చేపల పులుసు ఊరివాళ్లం కదా, అక్కడి పాకల్లో వేపుడు రుచి చూడొచ్చు, కాకపోతే రామేశ్వరం గుడి దర్శనం ముగించుకుని వచ్చినవాళ్లే. ఆ తుపానును తట్టుకున్న కోదండరామస్వామి గుడి కూడా ఇదే దారిలో ఉంది. ఎండ ముదరకముందే చూసేసి, బట్టలు దులుపుకుని ఆటో ఎక్కండి. ఇసుకతో ఎక్కితే డ్రైవరు ఊరుకోడు.