గట్టు మీద సిగ్నల్ పోతే ఏం చేస్తుంది? యాప్‌కి నెట్‌వర్కింగ్ లైబ్రరీ ఎంచుకునే పద్ధతి

భీమవరం టౌన్లో కూర్చుని ఫైబర్ నెట్ మీద చూస్తే ఏ నెట్‌వర్కింగ్ లైబ్రరీ (యాప్‌కి, సర్వర్‌కి మధ్య మాటలు మోసే రెడీమేడ్ కోడ్) అయినా బ్రహ్మాండంగానే పనిచేస్తుంది. మేం రొయ్యల రైతులకి యాప్ చేస్తాం, మేత ఆర్డర్లు, చెరువు లెక్కలు, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు, ఏ రోజు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) రేటు ఆ రోజు. మా యాప్ వాడే మనిషి మొగల్తూరు అవతల గట్టు మీద నిలబడి ఉంటారు, చెరువుకి ఈ మూల సిగ్నల్ రెండు గీతలుంటుంది, ఆ మూలకి నడిస్తే అదీ ఉండదు.

మొదట్లో ఒక రైతు ఫోన్ చేసి, "ఏవండీ, 10 బస్తాలు చెబితే 20 దింపేశారేంటండీ" అన్నారు. లాగ్స్ తీసి చూస్తే ఆయన బటన్ నొక్కింది ఒక్కసారే. ఆర్డరు సర్వర్‌కి చేరింది, జవాబు తిరిగొచ్చేలోపు సిగ్నల్ జారింది, టైమౌట్ అయిందని (ఎదురుచూసే గడువు దాటిందని) లైబ్రరీ దానంతటదే మళ్లీ పంపింది, సర్వర్ రెండో ఆర్డరు కూడా రాసుకుంది. ఎండలో ఆ 10 బస్తాలూ మళ్లీ వ్యాన్ ఎక్కించాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఏ లైబ్రరీని చూసినా నా మొదటి ప్రశ్న ఒకటే, రిక్వెస్ట్ సగంలో తెగిపోతే ఇది ఏం చేస్తుంది?

జవాబులో సగం డిఫాల్ట్ విలువల్లోనే (మనం ఏమీ మార్చకపోతే లైబ్రరీ వాడేవి) దొరుకుతుంది, అందుకే ఉదాహరణ కోడ్ కంటే ముందు అవి చదవండి. ఆండ్రాయిడ్‌లో వాడే ఓకేహెచ్‌టీటీపీ లైబ్రరీలో కనెక్ట్, రీడ్, రైట్ టైమౌట్లు ఒక్కోటి 10 సెకన్లు, కానీ మొత్తం కాల్‌కి మనం పెడితే తప్ప హద్దు లేదు. రీడ్ టైమౌట్ అంటే డేటా రాకుండా ఆగిపోయిన సమయం మాత్రమే, కాబట్టి చుక్కచుక్కగా వస్తూ ఉన్నంతసేపు కాల్ నిమిషాల తరబడి సాగుతూనే ఉంటుంది. ఆండ్రాయిడ్‌దే మరో లైబ్రరీ వాలీలో టైమౌట్ 2.5 సెకన్లు, అది దాటితే దానంతటదే ఇంకొక్కసారి ప్రయత్నిస్తుంది. రేట్ల పట్టిక తెచ్చుకోవడానికి అది మంచిదే, ఆర్డరు పెట్టడానికి ప్రమాదం. ఫ్లట్టర్ (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు చేసే టూల్‌కిట్) వాళ్లు వాడే డియోలో మీరు పెట్టకపోతే టైమౌటే ఉండదు. ఐఫోన్ వైపు అలామోఫైర్ లైబ్రరీ నడిచేది ఆపిల్ వాళ్ల యూఆర్ఎల్‌సెషన్ మీద, అక్కడ రిక్వెస్ట్ టైమౌట్ మామూలుగా 60 సెకన్లు. వీటిలో తప్పొప్పుల మాట కాదు, మీ యూజర్ నిలబడే చోటికి సరిపోతాయా, సరిపోకపోతే ఒక్కో రిక్వెస్ట్‌కి విడిగా మార్చుకునే వీలుందా అన్నది చూడాలి. మార్చుకునే వీలు లేకపోతే ఆ లైబ్రరీని అక్కడే వదిలేయండి.

చదివాక తెంపి చూడాలి. ఓకేహెచ్‌టీటీపీతో పాటు మాక్‌వెబ్‌సర్వర్ అని టెస్ట్ సర్వర్ ఒకటి వస్తుంది, రిక్వెస్ట్ పూర్తిగా తీసుకుని జవాబు ఇవ్వకుండా లైన్ కట్ చేయమని దానికి చెప్పొచ్చు. మా మేత బస్తాల కథ సరిగ్గా అదే. వేరే లైబ్రరీ అయినా సరే, అలా ప్రవర్తించే చిన్న సర్వర్ రాసుకోవడం ఒక పూట పని. పరీక్ష పెట్టి సర్వర్‌కి ఎన్ని రిక్వెస్ట్‌లు చేరాయో లెక్కపెట్టండి. ఒకటి కంటే ఎక్కువ చేరాయంటే ఆటో రీట్రై (దానంతటదే మళ్లీ పంపడం) ఆపేయడం ఎలాగో వెతకండి, అది డాక్యుమెంటేషన్‌లో తేలిగ్గా దొరికిందా లేదా అన్నది కూడా మార్కుల్లో వేసుకోండి. ఒక్కటి మాత్రం ఏ లైబ్రరీ మీదా వదిలేయకండి: ప్రతి ఆర్డరుకీ ఫోన్‌లోనే ఒక ప్రత్యేకమైన ఐడీ తయారు చేసి పంపండి, అదే ఐడీ రెండోసారి వస్తే సర్వర్ కొత్త ఆర్డరు రాయకుండా పాత జవాబే తిప్పి పంపాలి.

ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోన్) నెట్ స్పీడ్ ఎడ్జ్‌కి (నెమ్మదైన 2జీ నెట్) తగ్గించి చూడండి, ఐఫోన్‌కైతే నెట్‌ని కావాలని నెమ్మది చేసే నెట్‌వర్క్ లింక్ కండిషనర్ ఉంది. తర్వాత ఫోన్ పట్టుకుని నిజంగానే గట్టు మీదకి వెళ్లండి. ఇంట్లో వైఫై మీద యాప్ తెరిచి, నడుచుకుంటూ మొబైల్ డేటాలోకి వచ్చేటప్పుడు ఏమవుతుందో తప్పకుండా చూడాలి. పాత కనెక్షన్ చచ్చిపోయిందని తెలియక లైబ్రరీ దాన్నే పట్టుకుని కూర్చునే సందర్భాలుంటాయి. హెచ్‌టీటీపీ 2 (వెబ్ కనెక్షన్ పద్ధతి) కనెక్షన్‌కి మధ్యమధ్యలో పింగ్ (చిన్న పలకరింపు సందేశం) పంపి బతికుందో లేదో చూసే ఏర్పాటు ఓకేహెచ్‌టీటీపీలో ఉంది, కానీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. మాకు ఇది ప్రాణం లాంటిది. రాత్రి పూట కిరణజన్య సంయోగక్రియ ఉండదు, చెరువులో ఉన్నవన్నీ ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటాయి, అందుకే తెల్లవారే ముందు డీఓ బాగా పడిపోతుంది. ఆ వేళలో రైతు ఫోన్‌లో రీడింగ్ కోసం చక్రం తిరుగుతూ ఉంటే ఏరియేటర్ (నీటిలోకి గాలి కలిపే యంత్రం) వేయడం ఆలస్యమవుతుంది, ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు.

లైబ్రరీ కోడ్ ఉండే గిట్‌హబ్ పేజీకి నేను ఇంత చూశాకే వెళ్తాను. స్టార్లు (నచ్చినవాళ్లు పెట్టే గుర్తులు) చూసి మోసపోవద్దు. ఏఎఫ్‌నెట్‌వర్కింగ్ ఒకప్పుడు ఐఓఎస్‌లో అందరూ వాడినదే, దానికి 33 వేలకు పైగా స్టార్లున్నాయి, అయినా 2023లో ఆర్కైవ్ అయిపోయింది (ఇక మార్పులు చేయరు). ఇష్యూల్లోకి (వాడేవాళ్లు సమస్యలు రాసే చోటు) వెళ్లి "టైమౌట్", "రీట్రై" అని వెతకండి, అడిగినవాళ్లకి మెయింటెయినర్లు (లైబ్రరీని చూసుకునేవాళ్లు) ఏం చెప్పారో చదవండి. మర్యాదగా, కారణం చెప్పి "ఇది మేం చేయం" అన్నా నాకు నమ్మకం కలుగుతుంది. నెలల తరబడి ఎవరూ పలకని చోట మాత్రం ఆగి ఆలోచించాలి. చేంజ్‌లాగ్‌లో (మార్పుల జాబితా) సెక్యూరిటీ సవరణలు ఎంత త్వరగా వచ్చాయో చూడండి. లైసెన్స్ సంగతి తొందరగానే తేలుతుంది: ఓకేహెచ్‌టీటీపీది అపాచీ 2.0, అలామోఫైర్‌ది, డియోది ఎంఐటీ, ఇవి వ్యాపార యాప్‌లకి ఇబ్బంది లేనివి. జీపీఎల్ (మన కోడ్‌ని కూడా బయటపెట్టాల్సి రావచ్చనే లైసెన్స్) అని కనిపిస్తే తెలిసినవాళ్లని అడగకుండా కలపకండి.

పాత ఫోన్ల మాట మర్చిపోకండి. చెరువు కాపలా ఉండేవాళ్ల చేతిలో ఇంట్లోవాళ్లు వాడి ఇచ్చేసిన ఫోనే ఉంటుంది. ఓకేహెచ్‌టీటీపీ 3.13 నుంచి ఆండ్రాయిడ్ 5.0 అయినా ఉండాలి. 2021 సెప్టెంబర్ 30న సర్వర్లకి ఉచితంగా సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఆధారపడిన పాత రూట్ సర్టిఫికెట్ (ఫోన్ ముందే నమ్మే మూల సర్టిఫికెట్) గడువు తీరింది, వాళ్ల కొత్త రూట్ ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లలో లేదు, అలాంటి ఫోన్ సర్వర్‌ని నమ్మక కనెక్షన్ కుదరకపోవచ్చు. ఇలాంటివి లైబ్రరీ తప్పులు కావు, కానీ అవసరమైన సర్టిఫికెట్‌ని మనమే జోడించుకునే దారి అందులో ఉందో లేదో ముందే చూసి పెట్టుకోవాలి.

చివరికి రెండు లైబ్రరీలు సమానంగా నిలబడితే ఎర్రర్ సందేశాలు స్పష్టంగా ఉన్నదాన్ని తీసుకోండి. డీఎన్ఎస్ (సర్వర్ చిరునామా వెతికే ఏర్పాటు) దొరకలేదా, కనెక్షన్ తెగిందా, సర్వరే 500 (తన లోపల తప్పు జరిగిందనే కోడ్) ఇచ్చిందా అన్నది కోడ్‌లో విడివిడిగా తెలిస్తేనే రైతుకి "సిగ్నల్ లేదండి, ఆర్డరు ఫోన్‌లో దాచాం, రాగానే పంపుతాం" అని తెలుగులో నిజం చెప్పగలం. ఎంచుకున్నాక దాన్ని స్క్రీన్ల కోడ్‌లోంచి నేరుగా పిలవకండి, మధ్యలో మీ సొంత ఇంటర్‌ఫేస్ (రెండింటినీ కలిపే పలచటి పొర) ఒకటి పెట్టండి. ఆ తెంపి చూసే టెస్టుల్ని ప్రాజెక్టులోనే ఉంచి, లైబ్రరీ వెర్షన్ మార్చిన ప్రతిసారీ నడపండి.