ఇంట్లో చిట్టెలుకలు: ముందు కన్నం మూయండి, ఆ తర్వాతే బోను పెట్టండి

ఇంట్లో ఎలుక కనబడగానే మనలో చాలామంది కిరాణా కొట్టుకు వెళ్లి ఒక బోనో మందు ప్యాకెట్టో తెచ్చుకుంటారు. ఆ రాత్రి ఒకటి పడుతుంది, ఇల్లు నిమ్మళిస్తుంది, పదిహేను రోజులు తిరక్కముందే బియ్యం డబ్బా పక్కన మళ్లీ పెంటికలు కనబడతాయి. మా ఇంట్లోనూ రెండేళ్లపాటు ఇదే జరిగింది. వచ్చే దారి తెరిచి ఉన్నంతకాలం, పట్టినవాటి చోటికి కొత్తవి వస్తూనే ఉంటాయి. కాబట్టి కన్నాలు మూయడమే అసలు పని, బోను దాని తర్వాతిది.

ముందుగా వచ్చినది ఏదో తేల్చుకోవాలి. చిట్టెలుక పెంటిక బియ్యపు గింజంత ఉండి కొనలు సన్నగా ఉంటాయి, పెద్ద ఎలుకది అంతకు రెండు మూడింతలు ఉంటుంది. పునాది పక్కన మట్టి తోడి గుట్టగా పోసేది పందికొక్కు. డెల్టా పల్లెల్లో వరికోతలయ్యాక అది గడ్డివాముల్లోకీ ధాన్యపు గదుల్లోకీ చేరుతుంది, దానికి చిట్టెలుకల బోను చాలదు. పొడుగు మూతితో, గోడ వెంట కీచుమంటూ పరుగెత్తి, ఘాటైన కంపు వదిలేది చుంచు. అది నిజానికి ఎలుక జాతిది కాదు. బొద్దింకలనూ పురుగులనూ తిని బతుకుతుంది కనుక దాన్ని చంపనక్కరలేదు, తలుపు తీసి బయటికి తోలితే చాలు.

చిట్టెలుకే అని తేలితే ఆలస్యం చేయకూడదు. అది మూడు వారాలు మోసి ఈతకు ఐదారు పిల్లలను పెడుతుంది, ఆ పిల్లలు రెండు నెలలకల్లా తామూ ఈనగలుగుతాయి. ఇంట్లో ఒక్కటే తిరుగుతోందని అనుకుంటూ ఊరుకున్న నెలలోనే అలమర వెనక ఒక కాపురం తయారవుతుంది.

దారి కనిపెట్టడానికి నేను నమ్మేది ముగ్గుపిండిని. రాత్రి వంటగది సర్దేశాక, గోడ వారగా, సింకు కింద, ఫ్రిజ్ వెనక, సిలిండరు చుట్టూ జానెడు వెడల్పున పిండిని పలుచగా జల్లి దీపం ఆర్పేయాలి. చిట్టెలుక మీసాలతో గోడను తడుముకుంటూ వారగానే నడుస్తుంది కనుక తెల్లవారేసరికి దాని అడుగులు పిండిలో అచ్చు పడి ఉంటాయి. మా వంటగదిలో ఆ అడుగులు సిలిండరు దగ్గర మొదలై నేరుగా గ్యాసు గొట్టం గోడలోకి దూరే చోట ఆగిపోయాయి. టార్చి వేసి చూస్తే గొట్టం చుట్టూ వేలెడు సందు ఉంది, దాని అంచు ఎలుకల ఒంటి జిడ్డుతో నల్లగా నున్నబడి ఉంది. రెండేళ్లుగా ఆ గట్టు మీదే వంట చేసుకుంటున్నా మేమెవరం వంగి చూడలేదు.

పెన్సిలు దూరే కన్నంలో చిట్టెలుక దూరుతుంది, ఈ కొలత గుర్తు పెట్టుకుని ఇల్లంతా వెతకాలి. ఏసీ గొట్టాలు గోడ దాటే చోటు, స్నానాల గది తూము, సింకు గొట్టం నేలలోకి దిగే చోటు, కిటికీ దోమతెర చిరిగిన మూల, గడప లేని తలుపు కింది సందు, పెంకుటిల్లయితే గోడకూ చూరుకూ మధ్య ఖాళీ తప్పకుండా చూడవలసినవి. మూసేటప్పుడు గుడ్డలు కుక్కడం, థర్మాకోలు పెట్టడం, డబ్బాతో ఫోమ్ నురుగు కొట్టడం వృథా. చిట్టెలుక కొరుకుడు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది. గిన్నెలు తోమే స్టీలు పీచును కన్నంలో గట్టిగా దట్టించి, పైన ఇసుక సిమెంటు మాలుతో పూడ్చాలి. పాత మేస్త్రీలు మాలులో గాజు పెంకులు కలిపేవారు, పెద్ద కన్నాలకు అది ఇప్పటికీ మంచి పద్ధతే. తూములకు స్క్రూలతో బిగించే స్టీలు జాలీ, తలుపు అడుగున అల్యూమినియం పట్టీ వేయించాలి.

ఇక తిండి. చిట్టెలుకకు రోజుకు మూడు నాలుగు గ్రాములు చాలు, తిండిలో తడి ఉంటే నీళ్లు లేకపోయినా బతకగలదు. అందుకే గచ్చు మీద కుట్టు విప్పి పెట్టిన 25 కిలోల బియ్యం బస్తాను మూత బిగుతుగా ఉండే డ్రమ్ములోకి, పప్పులను స్టీలు డబ్బాల్లోకి మార్చాలి. ఎంగిలి గిన్నెలు తెల్లారేదాకా ఉంచకూడదు. చాలామంది మరచిపోయేది పూజగది. నైవేద్యం పెట్టిన కొబ్బరి చిప్ప, అక్షింతలు, దీపం కొండెక్కాక మిగిలిన నెయ్యి వత్తి దానికి విందు. వెలుగుతున్న వత్తిని లాక్కుపోతే బట్టలకు నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది, కాబట్టి దీపాన్ని గమనించకుండా వదిలి నిద్రపోకండి.

కన్నాలు మూశాక లోపల చిక్కుకుపోయినవాటికి ఉచ్చులు పెట్టాలి. స్ప్రింగుతో కొట్టే చెక్క ఉచ్చు అన్నిటికంటే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే సరిగా పడితే ప్రాణం వెంటనే పోతుంది. ఎర ఉండే కొన గోడకు తగిలేలా ఉచ్చును అడ్డంగా పెట్టండి. ఒక్కటి కాక ఐదారు, అడుగులు కనబడిన చోటల్లా, రెండేసి మీటర్ల దూరంలో ఒకే రాత్రి పెట్టండి. కాల్చిన కొబ్బరి ముక్క, ఎండు చేప, పల్లీ ముద్ద ఎరగా బాగా పనిచేస్తాయి. ముక్కను దారంతో కట్టకపోతే ఉచ్చు పడకుండానే ఎత్తుకుపోతుంది. జిగురు అట్టలు మాత్రం దయచేసి కొనకండి. వాటికి అంటుకున్న ప్రాణి గంటల తరబడి చర్మం ఊడేలా పెనుగులాడి చస్తుంది. అంత చిత్రహింస మనకు అక్కరలేదు.

మందు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పళ్లపేస్టులా ట్యూబులో వచ్చే ఎలుకల మందుల్లో పసుపు భాస్వరం (ఎల్లో ఫాస్ఫరస్) ఉంటుంది, దానికి విరుగుడు లేదు. పొరపాటున నోట్లోకి వెళితే ఒకటి రెండు రోజులు మనిషి బాగానే ఉన్నట్టు కనబడి, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. నల్లటి పొడిగా వచ్చే జింక్ ఫాస్ఫైడ్ కడుపులో విషవాయువుగా మారుతుంది, దానికీ విరుగుడు లేదు. ఈ రెండూ పిల్లలున్న ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనూ ఉండకూడదు. తప్పనిసరైతే బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు బిళ్లలను తాళం వేసే పెట్టెలో పెట్టి వాడవచ్చు, దానికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. కానీ తిన్న ఎలుక కొన్ని రోజులకు ఎక్కడో గోడ సందులో చచ్చి కుళ్లుతుంది, దాన్ని తిన్న పిల్లికీ గుడ్లగూబకీ ముప్పు. ఎవరైనా ఏ ఎలుకల మందు మింగినా, లక్షణాలు లేకపోయినా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా ప్యాకెట్టుతో సహా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, 108కి ఫోన్ చేయాలి.

పెంటికలను పొడిగా ఊడ్చకండి. చేతులకు తొడుగులు వేసుకుని, బ్లీచింగ్ నీళ్లు చల్లి, ఐదు నిమిషాలు నానాక కాగితంతో తుడిచి సంచిలో కట్టి పారేయండి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది కాబట్టి కాలికో చేతికో పుండున్నవారు ఈ పని చేయకపోవడం మంచిది.

అపార్ట్‌మెంటయితే ఒక్క ఇల్లు మూస్తే సరిపోదు. గొట్టాలు దిగే డక్టు అన్ని అంతస్తులకూ ఉమ్మడి కనుక పై వారితోనూ కింది వారితోనూ మాట్లాడి ఒకేసారి మూయించాలి. అంతా అయ్యాక వారానికోసారి, రెండు నెలలపాటు, అదే గోడ వారగా ముగ్గుపిండి జల్లి పొద్దున్నే చూడండి. అడుగు పడితే అది ఎటు పోయిందో వెంబడించండి. ఆ చివర ఇంకా మూయని కన్నం ఉంటుంది.