ఉలూరు దారిలో రెండేళ్ల పిల్లలతో

ఆస్ట్రేలియా నడిమధ్యన ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం నుంచి ఉలూరు అనే పెద్ద ఎర్రరాతి కొండకి రోడ్డు మీద సుమారు 450 కిలోమీటర్లు. మ్యాప్ అయిదు గంటలంటుంది. రెండేళ్ల పిల్లలుంటే ఏడు గంటలు అనుకొని బయల్దేరండి, టెన్షన్ ఉండదు.

పిల్లలు కార్లో నిద్రపోతారు కదా అని రాత్రి ప్రయాణం మాత్రం పెట్టుకోకండి. పొద్దుగూకే వేళకి కంగారూలు, పశువులు రోడ్డెక్కుతాయి. బాగా తెల్లవారాక బయల్దేరి, ఎండ ఉండగానే చేరిపోవాలి.

200 కిలోమీటర్ల దగ్గర ఎర్ల్‌డండా రోడ్‌హౌస్ (పెట్రోలు, తిండి దొరికే మజిలీ) వస్తుంది. ట్యాంకులో సగం పైన ఉన్నా ఆగండి. అక్కడ ఈమూ పక్షులుంటాయి, పిల్లలు భలే సంబరపడతారు. ఓ అరగంట పరిగెత్తనిస్తే మళ్లీ సీట్లో కూర్చోవడానికి పేచీ పెట్టరు. ఈ దారిలో నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది ఈ అరగంటే.

నీళ్ల క్యాన్లు ధారాళంగా పెట్టుకోండి. పులిహోర డబ్బా, ఖర్జూరాలు డిక్కీలో కాకుండా చేతికందేచోట ఉంచండి. ఈగలు కళ్లలో, ముక్కులో దూరతాయి కాబట్టి పిల్లల సైజు వల టోపీ ఆలిస్‌లోనే కొనేయండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. బండి ఆగిపోతే దాన్ని వదిలి ఎక్కడికీ నడవొద్దు. బండి నీడలోనే పిల్లల్ని కూర్చోబెట్టి, వచ్చే వాహనం కోసం చూడండి.