నికొటిన్ గమ్‌తో సిగరెట్ మానడం ఎలా? కిటుకంతా నమలడంలోనే ఉంది

“గమ్ కూడా వాడి చూశానన్నా, నాకు పని చెయ్యలేదు.” ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. అలా అన్నవాళ్ళందరినీ నేను అడిగేది ఒక్కటే: ఎలా నమిలావు? “ఎలా ఏముంది, చూయింగ్ గమ్ నమిలినట్టే” అంటారు. అక్కడే చెడింది.

నేను 22 ఏళ్ళు సిగరెట్ తాగాను, రోజుకు పెట్టెన్నర. సిగరెట్‌లో మనల్ని అలవాటుకు కట్టిపడేసే నికొటిన్‌ను పొగ లేకుండా కొద్దికొద్దిగా అందించే మందు ఈ గమ్. మొదటిసారి కొన్నప్పుడు నేనూ కసకసా నమిలేశాను. గంటలోపే ఎక్కిళ్ళు, గుండెల్లో మంట. రెండోరోజుకు ఆ డబ్బా అవతల పారేసి మళ్ళీ సిగరెట్ వెలిగించాను. ఎలా వాడాలో మందుల షాపులో ఎవరూ చెప్పలేదు, నేనూ లోపలి కాగితం చదవలేదు. పద్ధతి తెలుసుకుని మళ్ళీ మొదలుపెట్టేసరికి ఆరు నెలలు వృథా అయ్యాయి. ఆ తర్వాత ఆఫీసులో, చుట్టాల్లో, మా వీధిలో కొంతమందిని దగ్గరుండి మాన్పించాను. మిగతావాళ్ళకు ఆ ఆరు నెలలు పోకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఈ-సిగరెట్ సంగతి. అందరూ అదే అడుగుతారు. ఇంగ్లండ్‌లో సిగరెట్ మానడానికి వేపింగ్‌కు, అంటే నికొటిన్ ద్రవాన్ని ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్‌కు, మారమని ప్రభుత్వ వైద్య సేవల వాళ్ళే చెబుతారు. అక్కడున్న మనవాళ్ళు ఆ దారిలో మానితే నాకేమీ అభ్యంతరం లేదు. మన దేశంలో మాత్రం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్‌తో దాన్ని నిషేధించారు, ఆ డిసెంబరులోనే చట్టం వచ్చింది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ దొంగచాటుగా దొరికే సరుకులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. గమ్ అలా కాదు. 2022 నాటి మన జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో నికొటిన్ మందులకు చోటిచ్చారు. చేతిలో ఇంత మంచి దారి ఉండగా ఎయిర్‌పోర్టులో భయపడుతూ సామాను దాచుకోవడం దేనికి?

కొనాల్సింది, మొదలుపెట్టాల్సిన రోజు

గమ్ 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది దొరుకుతుంది. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవారికి 4 కావాలి, దానికి డాక్టర్ చీటీ రాయించుకోండి. మిగతావారికి 2 చాలు, అది చీటీ లేకుండానే ఇస్తారు. మింట్ రుచిదే తీసుకోండి. పండ్ల రుచులు, పాన్ రుచులు వద్దు, నోటికి తియ్యగా తగిలితే నమలకుండా ఉండలేరు. పాన్ షాపులోనూ గమ్ దొరుకుతుంది కానీ, మెడికల్ షాపులోనే కొనండి. రోజూ సిగరెట్ కొన్న కొట్టు ముందు మళ్ళీ నిలబడకూడదు.

గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, గుండె లయ తప్పేవారు, 18 ఏళ్ళలోపువారు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. కట్టుడు పళ్ళున్నవారికి గమ్ అతుక్కుంటుంది, వాళ్ళు చర్మానికి అంటించుకునే నికొటిన్ ప్యాచ్ గురించి అడగాలి. పిల్లల చేతికి అందకుండా దాచండి.

సోమవారం పొద్దున మొదలుపెట్టాలి, ఆదివారం కాదు. సెలవు రోజు ఖాళీగా కూర్చుంటే మనసు అటే పోతుంది. మానాక రెండోరోజు, మూడోరోజు బాగా కష్టంగా ఉంటాయి. అవి పని హడావుడిలో గడిచిపోవాలి. ఆదివారం రాత్రి లైటర్, యాష్‌ట్రే, కారు డ్యాష్‌బోర్డులో మిగిలిన పెట్టె, అన్నీ చెత్తబుట్టలో వేసేయండి.

నమిలే పద్ధతి

అసలు పని ఇక్కడుంది. తొందరపడకుండా చదవండి.

స్ట్రిప్‌లోంచి ఒక బిళ్ళ తీసి నోట్లో వేసుకోండి. మామూలు గమ్ కంటే గట్టిగా ఉంటుంది. మెల్లగా, ఒక్కొక్క సెకను ఆగుతూ కొరకండి. పది పదిహేను సార్లు కొరికేసరికి మిరియం గింజ కొరికినట్టు ఘాటు తగులుతుంది, నాలుక అంచు చిమచిమలాడుతుంది. ఆ ఘాటు తగలగానే ఆపెయ్యాలి. ఇంకో నాలుగు సార్లు నమిలి చూద్దాం అనుకోవద్దు, వెంటనే ఆపాలి. గమ్‌ను నాలుకతో పక్కకు తోసి చిగురుకీ బుగ్గకీ మధ్య దాచుకోండి. దవడ కదపకండి. ఒక నిమిషం అటూఇటూగా చిమచిమ తగ్గిపోతుంది. అప్పుడు మళ్ళీ రెండు మూడుసార్లు కొరికి, ఘాటు రాగానే ఈసారి రెండో బుగ్గలో పెట్టుకోండి. ఇలా అరగంట. ఎంత కొరికినా ఘాటు రాకపోతే ఆ బిళ్ళ పని అయిపోయినట్టే, కాగితంలో చుట్టి పారేయండి.

అరగంటలో నిజంగా నమిలేది రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా అది బుగ్గలో కదలకుండా ఉండాలి. ఖైనీ అలవాటున్నవాళ్ళకు ఇది ఒక్కసారి చెబితే చాలు, పట్టేస్తారు. సిగరెట్ వాళ్ళకే పదిసార్లు చెప్పాల్సి వస్తుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. గమ్‌లోని నికొటిన్ బుగ్గ లోపలి పలచటి పొరలోంచే రక్తంలోకి వెళ్ళాలి. గబగబా నమిలితే అది ఒక్కసారిగా లాలాజలంలోకి దిగి, గుటకతో పాటు కడుపులోకి పోతుంది. కడుపులోకి పోయిందాన్ని చాలావరకు కాలేయం విరిచేస్తుంది. మీకు కావలసింది అందదు, ఎక్కిళ్ళు, మంట, వికారం మాత్రం మిగులుతాయి. అసలు ఈ గమ్ ఆలోచనే 1960లలో స్వీడన్‌లో పుట్టింది. సబ్‌మెరైన్‌లో పొగ తాగే వీలులేక నావికులు పొగాకును నోట్లో పెట్టుకుని సర్దుకోవడం చూసి, పొగ లేకుండా నోటి ద్వారానే నికొటిన్ ఇవ్వొచ్చని అక్కడివాళ్ళకు తట్టింది. పొగాకును బుగ్గన పెట్టుకున్నట్టే దీన్నీ పెట్టుకోవాలి.

రెండో పొరపాటు టీ, కాఫీలతో వస్తుంది. గమ్ వేసుకునే ముందు పావుగంట, గమ్ నోట్లో ఉన్నంతసేపు, మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టుకోవద్దు. కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం లాంటివి నోట్లో పులుపుదనాన్ని పెంచుతాయి, అప్పుడు నికొటిన్ బుగ్గలోకి ఇంకదు. టీ బంకు దగ్గర ఒక చేత్తో గ్లాసు పట్టుకుని నోట్లో గమ్ ఆడించేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. డబ్బులు పెట్టి కొన్న మందు ఉత్తపుణ్యానికి పోతోంది. టీ తాగండి, నోరు పుక్కిలించండి, పావుగంట ఆగి వేసుకోండి.

మూడోది వేళ. సిగరెట్ దమ్ము లాగితే నికొటిన్ కొన్ని సెకన్లలో మెదడుకు చేరుతుంది. గమ్‌కు ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. కాబట్టి నాలుక పీకేసినప్పుడు వేసుకుందాంలే అంటే కుదరదు. మెలకువగా ఉన్నంతసేపు గంటకో, రెండు గంటలకో ఒకటి, గడియారం చూసి వేసుకోవాలి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మొదటి ఆరు వారాలు రోజుకు తొమ్మిదికి తగ్గకూడదు. 24 దాటకూడదు.

మా ఆఫీసులో ఒకతను, మంచి జాగ్రత్తపరుడు, “మందు కదా, ఎంత తక్కువ వాడితే అంత మంచిది” అనుకుని రోజుకు మూడే వేసుకున్నాడు. నాలుగోరోజు మధ్యాహ్నం టీ బంకు దగ్గర సిగరెట్‌తో కనిపించాడు. తప్పు అతని మనోబలానిది కాదు, ఒంటికి చాలినంత అందలేదు. క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేది ప్రధానంగా పొగలోని తారు, మిగతా విషాలు. నికొటిన్ మనల్ని దానికి కట్టిపడేస్తుంది. ముందు పొగ పోనివ్వండి, నికొటిన్ సంగతి తర్వాత నిదానంగా చూసుకోవచ్చు. మళ్ళీ మొదటినుంచి తొమ్మిది లెక్కన వేయించాను, మూడు నెలల్లో మానేశాడు.

నిద్ర పట్టట్లేదు, చేతులు వణుకుతున్నాయి అంటే

దీనికి గమ్‌ను తిట్టే ముందు రోజుకు ఎన్ని కాఫీలు తాగుతున్నారో చూసుకోండి. సిగరెట్ పొగ వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరత్వరగా ఖర్చు చేస్తుంది. పొగ ఆగగానే అదే కాఫీ ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది. నాలుగు కప్పులు తాగేవారు రెండుకు రండి, సాయంత్రం కప్పు పూర్తిగా తీసేయండి. నాకు వారం రోజులు నిద్రలేకుండా చేసింది ఇదే.

తగ్గించడం

ఏడో వారం నుంచి రెండు నుంచి నాలుగు గంటలకొకటి, పదో వారం నుంచి నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. పన్నెండో వారానికి ఆపేయాలి. ముందు మధ్యాహ్నం వేళవి తీసేయండి. పొద్దున మొదటిది, భోజనం తర్వాతది చివరిదాకా ఉంచుకోండి. ఆ రెండు వేళలే సిగరెట్‌ను ఎక్కువగా గుర్తుచేస్తాయి. ఆపేశాక కూడా నాలుగు బిళ్ళల స్ట్రిప్ ఒకటి చొక్కా జేబులో, ఇదివరకు సిగరెట్ పెట్టె ఉన్న చోటే, కొన్ని నెలలు ఉండనివ్వండి. పెళ్ళిళ్ళలో, స్నేహితుల మందు పార్టీల్లో అదే కాపాడుతుంది.

మధ్యలో ఎప్పుడైనా ఒక సిగరెట్ తాగేస్తే గమ్ పారేయకండి. తర్వాతి గమ్ వేళకు మళ్ళీ వేసుకోండి, వారాల లెక్క అక్కడినుంచే సాగించండి. ఒక్కరే లాగలేకపోతే ఫోన్ చేయడానికి ప్రభుత్వ క్విట్‌లైన్ ఉంది, 1800-11-2356. డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆదివారం రాత్రి మీరు పారేయబోయే సిగరెట్ పెట్టె మీదే ఆ నంబరు ఉంటుంది. పారేసే ముందు ఫోన్‌లో సేవ్ చేసుకోండి.